టీబీ ఇమ్యూనిటీ మీద పనికి ఏ జంతువు? ముందు సార్వాకో దాళ్వాకో తేల్చుకోండి

మారుటేరు వరి పరిశోధన కేంద్రానికి వెళ్లి "మంచి విత్తనం ఏదండీ?" అని అడిగి చూడండి. జవాబు రాదు, ఎదురు ప్రశ్నలు వస్తాయి. సార్వాకా (వానాకాలం పంట), దాళ్వాకా (రెండో పంట)? చేను మెరకా, పల్లమా? నీళ్లు ఎన్నాళ్లు నిలబడతాయి? ఎంటీయూ 7029, అదే మన స్వర్ణ, అక్కడే పుట్టి దేశమంతా పాకింది. అంత పేరున్న రకాన్ని కూడా దాళ్వాకి వేస్తానంటే మా ఊళ్లో నవ్వుతారు. దాదాపు ఐదు నెలల పంట అది. కాలవలు కట్టేసే నాటికి గింజ గట్టిపడదు.

టీబీ మీద పరిశోధన మొదలుపెట్టే పిల్లలు నా దగ్గరికి ఇదే రకం ప్రశ్నతో వస్తారు. "మేడమ్, ఏ యానిమల్ మోడల్ బెస్ట్?" అంటే, మనిషి రోగాన్ని ఏ జంతువులో పెట్టి చూస్తే మంచిదని. నేను రాజమండ్రిలో మైక్రోబయాలజీ చెప్తాను. అంతకు ముందు కొన్నేళ్లు వేరే రాష్ట్రంలో ఒక టీబీ ల్యాబులో పనిచేశాను. మొన్నీమధ్య ఉండి అనే ఊరి నుంచి ఒకమ్మాయి పీహెచ్‌డీ ప్రపోజల్ పట్టుకొచ్చింది. మొదటి పేజీ మొదటి లైన్లోనే గినీ పిగ్ ఉంది. "గినీ పిగ్ ఎందుకమ్మా?" అన్నాను. "కోచ్ వాడాడు కదా మేడమ్" అంది, టీబీ బ్యాక్టీరియాని కనిపెట్టిన రాబర్ట్ కోచ్ గురించి. "సరే, నువ్వు తేల్చాల్సిన ప్రశ్న ఏంటి?" అంటే తల దించుకుని పేజీలు తిప్పింది. ప్రశ్న నాలుగో పేజీలో ఉంది. ఆ రోజు తనకి చెప్పినవే కాస్త సర్ది ఇక్కడ రాస్తున్నాను.

ముందు రోగం నడక గుర్తు చేసుకుందాం. దగ్గు తుంపరలోంచి ఒకటో రెండో బ్యాక్టీరియా ఊపిరితిత్తి అడుగున గాలి గదిలోకి చేరతాయి. అక్కడ కాపలా ఉన్న మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణం వాటిని మింగుతుంది, కానీ చంపలేకపోతుంది. మరిన్ని కణాలు వచ్చి చుట్టూ మూగుతాయి, గడ్డ కడుతుంది. అదే గ్రాన్యులోమా. శత్రువుని గుర్తుపట్టి ఎదుర్కొనే టీ కణాలు చాలా తీరిగ్గా, వారాల తర్వాత గానీ రావు. కొందరిలో గడ్డ మధ్యభాగం జున్నులా మెత్తగా కుళ్లుతుంది. ఆ కుళ్లు శ్వాసనాళంలోకి తెరుచుకుంటే ఊపిరితిత్తిలో గుంత పడి రోగం పదిమందికీ పాకుతుంది. అయితే బ్యాక్టీరియా లోపలికి చేరినవాళ్లలో నూటికి ఐదు నుంచి పది మందికే జీవితకాలంలో ఎప్పుడో జబ్బు పైకి తేలుతుంది, మిగతావాళ్ల శరీరం దాన్ని అణిచిపెట్టి ఉంచుతుంది. ఇన్ని మజిలీలనీ మనిషిలో నడిచినట్టే నడిపించే జంతువు ఒక్కటీ లేదు. ఒకదానిలో రెండు మజిలీలు చక్కగా కనిపిస్తాయి, మూడోది అసలుండదు. అందుకే "మనిషికి దగ్గరి జంతువు ఏది" అనేది పనికొచ్చే ప్రశ్న కాదంటాను. మీ ప్రశ్న ఏ మజిలీలో ఉందో ఆ మజిలీ ఏ జంతువులో నిజాయితీగా నడుస్తుందో వెతకాలి.

చిట్టెలుక

తక్కువ ఖర్చు, తక్కువ చోటు, కణాలని గుర్తించి లెక్కపెట్టడానికి కావలసినన్ని యాంటీబాడీలు, కావలసిన జన్యువు తీసేసిన రకాలు. రోగనిరోధక శక్తిలో ఫలానా భాగం అవసరమా కాదా అని తేల్చుకోవాలంటే చిట్టెలుకకి పోటీ లేదు. ఇది ఎంత గట్టిగా పనిచేసిందో రెండు ఉదాహరణలు చాలు. 1993లో, రోగనిరోధక కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేత పదార్థమైన ఇంటర్‌ఫెరాన్ గామా తయారుచేయలేని ఎలుకలకి టీబీ ఎక్కిస్తే అవి త్వరగా చచ్చిపోయాయి. మూడేళ్లకి, 1996లో, అదే ఇంటర్‌ఫెరాన్‌ని అందుకునే గ్రాహకం పుట్టుకతోనే చెడిపోయిన పిల్లలు మామూలుగా హాని చేయని మైకోబ్యాక్టీరియాకి కూడా బలైపోతున్నారని బయటపడింది. టీఎన్‌ఎఫ్ కథా అంతే, అదీ అలాంటి సంకేత పదార్థమే. 1995లో ఎలుకల్లో దాన్ని అడ్డుకుంటే టీబీ ప్రాణం తీసింది. 2001 నాటికి, కీళ్లవాతానికి ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే టీఎన్‌ఎఫ్ నిరోధక మందు వాడుతున్నవాళ్లలో అణిగి ఉన్న టీబీ మళ్లీ లేస్తోందని తెలిసింది. ఇప్పుడు ఆ మందు మొదలుపెట్టే ముందు డాక్టర్లు టీబీ పరీక్ష రాయడం వెనక ఈ సంగతే ఉంది.

ఇక లోపాలు. అందరూ వాడే సీ57బీఎల్/6 ఎలుకకి గాలి ద్వారా యాభై, వంద బ్యాక్టీరియా ఇస్తే నాలుగు వారాల్లో ఊపిరితిత్తిలో పది లక్షల దాకా పెరుగుతాయి. అక్కడ గీత గీసినట్టు ఆగిపోయి నెలల తరబడి అలాగే ఉంటాయి. పెద్దగా తగ్గవు, పెరగవు. మనిషిలో అణిగి ఉండే టీబీ అంటే ఇది కాదు. పది లక్షల బ్యాక్టీరియాని ఊపిరితిత్తిలో మోస్తూ మామూలుగా తిని తిరిగే స్థితి అది. గడ్డలు కూడా వదులుగా ఉంటాయి, మధ్యలో కుళ్లు పట్టదు. మన టీ కణాల్లో ఉండే, బ్యాక్టీరియాని చంపే గ్రాన్యులైసిన్ అనే ప్రోటీన్ ఎలుకకి లేదు. బ్యాక్టీరియా కొవ్వు పదార్థాలని టీ కణాలకి చూపించే సీడీ1 ఏ, బీ, సీ కూడా లేవు, ఒక్క సీడీ1డీ మాత్రం ఉంది. కాబట్టి మీ వ్యాక్సిన్ కొవ్వు యాంటిజెన్‌ల మీద ఆధారపడేదైతే మామూలు ఎలుకలో వచ్చిన ఫలితానికి అర్థం లేదు.

"అయితే ఎలుకలో కుళ్లు చూడలేమా?" అంటే చూడొచ్చు. సీ3హెచ్ఈబీ/ఎఫ్ఈజే అనే రకం ఉంది. క్రామ్నిక్ ఎలుక అని కూడా అంటారు. వీటి ఊపిరితిత్తుల్లో మనుషుల్లో లాగే మధ్య కుళ్లిన గడ్డలు కడతాయి. ఇంకో దారి 2021 నుంచి జనం నోళ్లలో నానుతోంది. ఎలుకకి యాభై, వంద కాకుండా ఒకటి నుంచి మూడు బ్యాక్టీరియా మాత్రమే ఇవ్వడం. అలా ఇస్తే అన్ని ఎలుకలూ ఒకేలా ఉండవు, ఒక్కో దాంట్లో ఒక్కో తీరు, కొన్నిట్లో ఒంటరి గడ్డ. మనుషుల తేడాలకి దగ్గరగా వస్తుంది. కాకపోతే ఆ తేడాల వల్ల ఎలుకలు ఎక్కువ కావాలి. కొన్నిటికి అసలు అంటుకోదు, వాటిని లెక్కలోంచి తీసేయాలి. స్టాటిస్టిక్స్ చూసిపెట్టే మనిషిని ప్రయోగానికి ముందే కలవండి. అయ్యాక కలిస్తే వాళ్లు చేసేది ఏమీ ఉండదు.

గినీ పిగ్

ఆ అమ్మాయి చెప్పింది అబద్ధం కాదు. కోచ్ 1882 మార్చి 24న బెర్లిన్‌లో టీబీ కారకాన్ని ప్రకటించినప్పుడు రుజువులో గినీ పిగ్స్‌దే పెద్ద పాత్ర. స్ట్రెప్టోమైసిన్ టీబీ మీద జంతువులో పనిచేస్తుందని 1940ల్లో మొదట చూపించిందీ ఇవే. 1950ల్లో బాల్టిమోర్‌లో రైలీ బృందం టీబీ వార్డు గాలిని గొట్టాల్లో పైకి తీసుకెళ్లి, మేడ మీద బోనుల్లో ఉంచిన గినీ పిగ్స్‌కి పీల్పించింది. వాటికి టీబీ వచ్చింది. రోగం గాలిలో పాకుతుందన్న మాటకి గట్టి రుజువు అలా దొరికింది. ఒకటి రెండు బ్యాక్టీరియాకే లొంగిపోయే జంతువు కాబట్టే అది సాధ్యమైంది.

అదే దాని బలం, అదే దాని లోపం. వ్యాక్సిన్ ఆపుతోందా లేదా అని తెలియాలంటే ఇంత సున్నితమైన జంతువు మేలు. గడ్డ మధ్య కుళ్లు పడుతుంది, సున్నం పేరుకుంటుంది, టీబీ చర్మ పరీక్షకి వాడే ట్యూబర్‌క్యులిన్ గుచ్చితే మన చర్మం ఉబ్బినట్టే ఉబ్బుతుంది, ఎలుకకి లేని ఆ సీడీ1 రకాల్లో బీ, సీ దీనికి ఉన్నాయి. కానీ అణిచి ఉంచడం దీనికి చేతకాదు. మందు లేకపోతే చివరికి చచ్చిపోతుంది. మనుషుల్లో నూటికి తొంభై మంది చేసే పని, అంటే లోపల పెట్టుకుని బతికేయడం, ఎలా జరుగుతుందో మీకు కావాలంటే ఇక్కడ దొరకదు. పరీక్షలకి దొరికే యాంటీబాడీలు తక్కువ, టీ కణాలని విడివిడిగా లెక్కపెట్టడం ఎలుకలో ఉన్నంత సులువు కాదు. చాలామంది ఆర్‌ఎన్‌ఏ కొలిచి సరిపెట్టుకుంటారు.

గినీ పిగ్‌తో నా అనుభవం ఒకటి చెప్తాను. రెండో ఏడు ప్రయోగం. వ్యాక్సిన్ ఇవ్వని గుంపు బరువు తగ్గడం మొదలైంది, సంబరపడ్డాను, లెక్క ప్రకారమే నడుస్తోందని. తర్వాత వారం వ్యాక్సిన్ గుంపు కూడా తగ్గింది. టెన్షన్ మొదలైంది. ఆ తర్వాత వారం, బ్యాక్టీరియా అసలు ఇవ్వని కంట్రోల్ బోనులో కూడా తగ్గాయి. ఎత్తుకుంటే కీచుమంటున్నాయి, మోకాళ్లు వాచి ఉన్నాయి, కదలకుండా మూల ముడుచుకున్నాయి. ఆ ఫ్లోర్‌లో ఎప్పటినుంచో బోనులు కడిగే పెద్దాయన చూసి, "మేడమ్, వీటికి జబ్బు కాదు, మేత సరిగా లేదు" అన్నాడు. మేత బస్తా మీద తారీఖు చూస్తే ఐదు నెలల నాటిది. గినీ పిగ్ మనలాగే విటమిన్ సీ సొంతంగా తయారుచేసుకోలేదు. మేతలో కలిపిన విటమిన్ సీ మూడు నెలలు దాటితే నమ్మడానికి లేదు. నా మొత్తం గుంపుకి స్కర్వీ వచ్చింది. విటమిన్ సీ తగ్గితే రోగనిరోధక కణాల పనితీరు కూడా మారుతుంది, కాబట్టి ఆ ఆరు నెలల డేటా ఒక్కటి కూడా పనికిరాలేదు. మీరు గినీ పిగ్స్ తీసుకుంటే బస్తా తారీఖు చూసే పని మీరే చేయండి, ఎవరికీ అప్పగించకండి. సంతకం పెట్టి చూసుకుంటామని చెప్పిన చోటే నాకు ఇలా జరిగింది.

ఇంకో హెచ్చరిక, దీనికి ల్యాబుతో సంబంధం లేదు. గినీ పిగ్‌లో టీబీ టీకా బీసీజీ అద్భుతంగా పనిచేస్తుంది. తమిళనాడులోని చెంగల్పట్టులో 1968లో మొదలై రెండున్నర లక్షలకి పైగా మందితో పదిహేనేళ్లు నడిచిన ట్రయల్‌లో మాత్రం పెద్దవాళ్లకి ఊపిరితిత్తుల టీబీ రాకుండా ఆపలేకపోయింది. ఎందుకన్నదానికి చెప్పే కారణాల్లో నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది మట్టిలో, నీళ్లలో ఉండే వేరే మైకోబ్యాక్టీరియా. వాటితో పరిచయమైన శరీరం బీసీజీని కొత్తదిగా చూడదు. ల్యాబులో గినీ పిగ్ కడిగిన బోనులో పుట్టి కడిగిన బోనులో పోతుంది. మన పిల్లలు కాలవ నీళ్లలో ఈది, ఊడ్పుల బురదలో దిగి పెరుగుతారు. డెల్టాలో కూర్చుని వ్యాక్సిన్ పని చేసేవాళ్లు జంతువుకి ముందుగా ఇలాంటి పరిచయం కల్పించి చూడాలా అని ఒక్కసారి ఆలోచించండి. దీన్ని ఎలుకల్లోనూ గినీ పిగ్స్‌లోనూ చేసినవాళ్లున్నారు, కొత్త ఆలోచన ఏం కాదు.

కుందేలు

దీని గురించి ఎక్కువ చెప్పను. ఊపిరితిత్తిలో గుంత ఎలా పడుతుంది, కుళ్లులోకి మందు ఎంత చొరబడుతుంది, పసిపిల్లల్లో మెదడు పొరలకి పాకే టీబీ ఎలా నడుస్తుంది, ఈ మూడింటిలో ఒకటి మీ ప్రశ్న అయితే కుందేలు. లేకపోతే వద్దు. బ్యాక్టీరియా రకం ఎంపికలో మాత్రం పొరపాటు పడకండి. హెచ్‌37ఆర్‌వీనీ సీడీసీ1551నీ కుందేలు చాలావరకు అణిచేస్తుంది. ఆవు టీబీ బ్యాక్టీరియా ఎం. బోవిస్‌కి, హెచ్‌ఎన్878కి లొంగుతుంది. అంటే అణచడం చూడాలన్నా, ముదరడం చూడాలన్నా ఒకే జంతువులో బ్యాక్టీరియాని మార్చి చూసుకోవచ్చు. యాంటీబాడీల కొరత గినీ పిగ్‌లో ఉన్నట్టే.

జీబ్రా చేప

ఉండి అమ్మాయి ముఖం వెలిగింది ఇక్కడే. వాళ్ల నాన్నగారికి చేపల చెరువులున్నాయి. "చేపకి టీబీ వస్తుందా మేడమ్?" "వస్తుంది. దాని చుట్టం ఒకటి ఉంది."

ఆ చుట్టం పేరు మైకోబ్యాక్టీరియం మారినం. 1926లో ఫిలడెల్ఫియా అక్వేరియంలో చచ్చిన చేపల నుంచి దీన్ని మొదట వేరుచేశారు. చేతికి గాయం ఉండి చేపల తొట్టిలోనో చెరువులోనో దిగినవాళ్లకి వేలి మీద మానని కురుపుగా అప్పుడప్పుడు వస్తుంది. ముప్పై డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది, మన ఒంటి లోపలి వేడి దానికి సరిపడదు, అందుకే సాధారణంగా చర్మం దగ్గరే ఆగిపోతుంది. టీబీ బ్యాక్టీరియాకి దగ్గరి బంధువు. మాక్రోఫేజ్‌ని ఏమార్చే ఈఎస్‌ఎక్స్-1 అనే యంత్రాంగం రెండిటికీ ఉంది. కాల్మెట్, గెరాన్ పదమూడేళ్ల పాటు 230 సార్లు పెంచి బీసీజీని తయారుచేసినప్పుడు పోయిన ముక్క కూడా అదే.

జీబ్రా చేప మన ఉపఖండం చేపే. మెల్లగా పారే వాగుల్లో, వరి చేల నీళ్లలో బతికేది. ఒక జత వారానికి వందకి పైనే గుడ్లు పెడుతుంది. పొద్దున లైటు వేయగానే పెడతాయి కాబట్టి మీకు రాత్రి డ్యూటీ తప్పుతుంది. పిండం గాజులా ఉంటుంది. మెరిసే రంగు పెట్టిన బ్యాక్టీరియాని సన్నటి సూదితో ఎక్కించి మైక్రోస్కోపు కింద పెడితే మాక్రోఫేజ్ వచ్చి మింగడం, అది మోసుకెళ్లడం, రెండోది వచ్చి మొదటిదాని శవాన్ని మింగి తానూ అంటించుకోవడం, ఇదంతా బతికున్న ప్రాణిలో గంట గంటకీ చూడొచ్చు. నేను మొదటిసారి చూసిన రాత్రి అన్నం తినడం మర్చిపోయాను. మూడు రోజుల పిండం. దాని తోక పక్కన ఎర్రచుక్కలు మింగిన పచ్చకణం ఒకటి, అటూ ఇటూ జరిగి, ఆగి, గుండ్రంగా ముడుచుకుంది. పావుగంటకి ఇంకోటి వచ్చింది.

ఈ చేపతోనే లలితా రామకృష్ణన్ బృందం 2002 నుంచి ఒక పాత నమ్మకాన్ని కదిపింది. గడ్డ అంటే శరీరం కట్టే గోడ అని అందరం చదువుకున్నాం. చేపపిల్లకి తొలి వారాల్లో టీ కణాలు ఇంకా పనిలోకి దిగవు. అయినా గడ్డ కట్టింది, పైగా ఆ తొలి గడ్డ బ్యాక్టీరియా విస్తరణకే తోడ్పడింది. మంట (ఇన్‌ఫ్లమేషన్) తక్కువైనా చేటే, ఎక్కువైనా చేటే అన్నది కూడా చేపల్లోనే మొదట స్పష్టంగా కనిపించింది. ఎల్‌టీఏ4హెచ్ జన్యువు మీద ఆ పని వియత్నాంలో టీబీ మెనింజైటిస్ రోగుల దాకా వెళ్లింది, స్టెరాయిడ్ ఎవరికి మేలు చేస్తుందో జన్యువుని బట్టి చెప్పొచ్చేమో అన్నారు. తర్వాత వేరే చోట్ల ఆ లెక్క అంత సాఫీగా నిలబడలేదు. చేపలో చూసింది తప్పని కాదు. చేప నుంచి ఆసుపత్రి మంచం దాకా దారి పొడుగని.

చేపకి ఊపిరితిత్తి లేదు. పుట్టించే జబ్బు టీబీ కాదు, చుట్టరికం. పిండంలో టీ కణాల ప్రశ్న అడగలేరు, పెద్ద చేపలో అడగొచ్చు గానీ అప్పుడు గాజుతనం పోతుంది. ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా, చిన్న కాలేజీలో ఉన్నవాళ్లకి దీని మీద నాకు మక్కువ ఎందుకంటే, మారినంకి బీఎస్ఎల్-2 స్థాయి భద్రత ఉన్న ల్యాబు చాలు. అసలు టీబీని గాలి ద్వారా జంతువుకి ఎక్కించాలంటే జంతువుల బీఎస్ఎల్-3 కావాలి. అలాంటిది మన చుట్టుపక్కల కాలేజీల్లో దొరకదు.

కోతి

గోదావరికి కింద నెత్తిన టోపీలాంటి జుట్టున్న బానెట్ కోతి, పైన ఎర్రమూతి రీసస్ కోతి అని జంతుశాస్త్రం పుస్తకాల్లో చాలాకాలం మన నదినే గట్టుగా రాశారు. ఇప్పుడు రీసస్‌లు ఆ గట్టు దాటి దిగుతున్నాయి. టీబీ పనికి ఎక్కువగా వాడేది రీసస్‌ని, ఆగ్నేయాసియా సైనోమోల్గస్‌ని. రెండూ ఒకటే అనుకోకండి. రీసస్ త్వరగా లొంగుతుంది. సైనోమోల్గస్‌కి తక్కువ మోతాదు ఇస్తే సుమారు సగం జబ్బు పడతాయి, సగం మనలాగే అణిచి ఉంచుతాయి. అణిగి ఉండే టీబీకి ఇంతకంటే నమ్మదగ్గ జంతువు ఇప్పటికి లేదు.

పెట్-సీటీ స్కాన్ కింద ఒకే కోతిని నెలల తరబడి చూడటం వల్ల తేలిన సంగతి నాకు చాలా ఇష్టం. ఒకే ఊపిరితిత్తిలో ఒక గడ్డ బ్యాక్టీరియాని పూర్తిగా చంపేస్తుంది, రెండు అంగుళాల అవతల ఇంకో గడ్డ ఓడిపోతుంది. రక్తం ఒకటే, టీ కణాలు ఒకటే. ఒకే కాలవ కింద పక్కపక్క చేలల్లో ఒకటి పండి ఒకటి పోయినట్టు. అప్పుడు రక్తం తీసి "ఈ మనిషి ఇమ్యూనిటీ ఇంత" అని చెప్పడంలో అర్థం ఎంత? ఈ ప్రశ్న కోతి లేకపోతే పుట్టేదే కాదు. 2020లో ఇంకోటి వచ్చింది. బీసీజీని చర్మంలో కాకుండా నరంలోకి ఇస్తే పది రీసస్‌లలో తొమ్మిదికి రక్షణ దొరికింది, ఆరింటిలో బ్యాక్టీరియా ఆనవాలే లేదు.

అయినా మీరు కోతి జోలికి పోవద్దు. మన దేశంలో కుందేలు కంటే పెద్ద జంతువంటే మీ సంస్థ కమిటీ అనుమతి చాలదు, దరఖాస్తు జంతు ప్రయోగాలని పర్యవేక్షించే కేంద్ర కమిటీ సీసీఎస్ఈఏ దాకా వెళ్లాలి. ఖర్చు, చోటు, ఏళ్ల తరబడి సంరక్షణ, అన్నిటికీ మించి తెలివైన ప్రాణిని బోనులో పెట్టే బాధ. పీహెచ్‌డీ మూడేళ్లలో కోతి ప్రయోగం నడిపిస్తామని ఎవరైనా అంటే నేను నమ్మను. కోతి ల్యాబులు ప్రచురించిన డేటా చాలావరకు అందరికీ తెరిచే ఉంది. అది తీసుకుని మీ ప్రశ్నకి తగ్గట్టు మళ్లీ లెక్కకట్టుకోండి. కోతి మీద ఆధారపడే ప్రాజెక్టు మన స్తోమతలో ఉందంటే ఇలాంటిదే.

ఆవు, గేదె

టీబీ వ్యాక్సిన్ అంటే గుర్తొచ్చే బీసీజీ ఆవు బ్యాక్టీరియా నుంచే వచ్చింది. ఇప్పుడు అణిగి ఉన్న టీబీకి డబ్బున్నవాళ్లు చేయించుకునే రక్త పరీక్ష కూడా అక్కడిదే. రక్తంలో యాంటిజెన్ కలిపి ఇంటర్‌ఫెరాన్ గామా కొలిచే పద్ధతిని మొదట ఆస్ట్రేలియాలో పశువుల కోసం తయారుచేశారు, మనుషుల పరీక్ష దాని తర్వాతే వచ్చింది. ఆవుకి ఇది ఎక్కించిన రోగం కాదు, సొంత రోగం. పాడి ఉన్న ఊళ్లలో పశువైద్య కళాశాల వాళ్లతో కలిసి పనిచేసే వీలుంటే, రక్తం తీసి చూసే సహజ జబ్బు పరిశోధన ఇది. జబ్బు అంటించక్కర్లేదు. కాకపోతే లోపలి మజిలీలు కనబడవు, ఆవులో గామా డెల్టా టీ కణాలు మనకంటే చాలా ఎక్కువ, ఫలితం మనిషికి అన్వయించేటప్పుడు ఆ సంగతి మర్చిపోకూడదు.

ఎంచుకునే ముందు

జంతువు పేరు తేలిందంటే సగం పనే అయింది. ఏ రకం బ్యాక్టీరియా, ఎన్ని, గాలి ద్వారానా సూదితోనా, మగవా ఆడవా, ఏ వారంలో చూస్తారు. నరంలోకి సూదితో ఇచ్చిన ఎలుక ఫలితాన్ని గాలి ద్వారా అంటుకున్న ఎలుకతో పోల్చే పేపర్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఎలుకలో టీ కణాలు ఊపిరితిత్తికి చేరడానికి రెండు మూడు వారాలు పడుతుంది. పదో రోజు చూసి "టీ కణాల స్పందన లేదు" అని రాసిన విద్యార్థిని నేను చూశాను, అది నేనే.

జంతువులో కొద్దిపాటి మేలుని మనుషుల దాకా లాగడం ఎంత ప్రమాదమో 2013లో తెలిసింది. బీసీజీ తర్వాత బూస్టర్‌గా తయారైన ఎంవీఏ85ఏ వ్యాక్సిన్‌ని దక్షిణాఫ్రికాలో 2,797 మంది పసిపిల్లల్లో పరీక్షించారు. రక్షణ 17.3 శాతం, అదీ గణాంకాల లెక్కలో నిలబడలేదు. జంతువుల్లో వచ్చిన మెరుగుదల ముందునుంచీ అంతంతమాత్రమే అన్న విమర్శ తర్వాత గట్టిగా వినబడింది. మీ ఎలుకల్లో బ్యాక్టీరియా కాస్త తగ్గితే గ్రాఫు చూసి మురిసిపోకండి, పక్కన బీసీజీ ఒక్కటే ఇచ్చిన గుంపు ఎంత తగ్గిందో చూడండి.

అనుమతులు ప్రయోగం కంటే ఎక్కువ కాలం తింటాయి. యానిమల్ హౌస్ రిజిస్ట్రేషన్ ఉందో లేదో, సంస్థ ఎథిక్స్ కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో, ఫారం బీలో జంతువుల సంఖ్యకి లెక్క ఎలా చూపించాలో ముందే కనుక్కోండి. "ఇంతకంటే తక్కువ జంతువులతో కుదరదా, జంతువే లేకుండా కుదరదా" అని కమిటీ అడుగుతుంది, అడగాలి కూడా. అసలు టీబీతో ఎలుక ప్రయోగం కావాలంటే హైదరాబాద్‌లోనో ఢిల్లీలో ఐసీజీఈబీ అనే పరిశోధన సంస్థలోనో చెన్నై టీబీ పరిశోధన సంస్థలోనో వసతి ఉన్నవాళ్లతో కలవాలి. మెయిల్ పెట్టి కూర్చుంటే రోజులు గడుస్తాయి. రైలెక్కి వెళ్లి అడగండి.

ఇంతకీ ఉండి అమ్మాయి ఏం తేల్చుకుంది? తన ప్రశ్న చివరికి ఇలా వచ్చింది. తొలి రోజుల్లో మాక్రోఫేజ్ చచ్చే తీరు మారితే గడ్డ పెరుగుదల మారుతుందా? టీ కణాల ఊసు లేదు, వ్యాక్సిన్ ఊసు లేదు. అలాంటప్పుడు గినీ పిగ్ ఎందుకు? చేప పిండంలో మారినంతో మొదలుపెట్టి, అక్కడ గట్టిగా తేలిన ఒకటి రెండు విషయాలని మాత్రమే వసతి ఉన్న చోట ఎలుకలో సరిచూసుకోమన్నాను. "ఆయ్ మేడమ్" అని కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. అదే ఆమె వ్యాక్సిన్ పని చేయాలనుకుంటే ఎలుక తర్వాత గినీ పిగ్ అనేదాన్ని. అణిగిన టీబీ కావాలంటే చేపనీ గినీ పిగ్‌నీ రెంటినీ పక్కన పెట్టించి, కాకినాడ ఆసుపత్రిలో రోగి ఇంట్లోవాళ్ల రక్తంతో మొదలుపెట్టమనేదాన్ని, వాళ్ల అనుమతితో, ఎథిక్స్ కమిటీ సంతకంతో.

గుమ్మం దగ్గర ఆగి, నాన్నగారి చెరువు నీళ్లు ట్యాంకుకి వాడొచ్చా అని అడిగింది. వద్దు. ఆ నీళ్లలో ఏ మైకోబ్యాక్టీరియా ఉందో మనకి తెలియదు, ప్రయోగం మొదలుకాకముందే చేపకి ఏదో ఒకటి అంటుతుంది. ఆర్‌ఓ నీళ్లు పట్టి ఉప్పు లెక్కగా కలుపుకోవాలి, ఇరవై ఎనిమిదిన్నర డిగ్రీల దగ్గర ఉంచాలి. ఇక్కడ మే నెలలో హీటర్ అక్కర్లేదు, చల్లబరిచే ఏర్పాటు కావాలి. గినీ పిగ్స్‌కే పోతామనేవాళ్లు మాత్రం ఏప్రిల్ నుంచి జూన్ దాకా వాటిని రైల్లో తెప్పించకండి. అవి చలిని ఓర్చుకుంటాయి గానీ ఎండని ఓర్చుకోలేవు.